చూరు నీళ్ల గుణకారం

లెక్కల మాస్టారి నోట్లోంచి తప్పు మాట రాదని వీధిలో అందరూ అంటారు. కాయిల్ మేస్త్రీ కూడా అదే అంటాడు, కాకపోతే ఆ మాట అనేటప్పుడు పళ్లు కొరుకుతాడు. తప్పు చెప్పి మనిషిని ముంచేవాళ్లు ఊరినిండా ఉన్నారు, వాళ్లని తిట్టుకుని ఊరుకోవచ్చు. ఒప్పు చెప్పి ముంచినవాణ్ణి ఏమని తిట్టాలి? పంచాయితీ పెట్టినా గెలిచేది ఆయనే. అందుకే మాస్టారి మీద మేస్త్రీ కోపం పుండులాగా మానకుండా అలాగే ఉండిపోయింది.

కాయిల్ మేస్త్రీ అన్నది పెట్టిన పేరు కాదు, పడిన పేరు. కాలిపోయిన మోటార్లకి మళ్లీ రాగితీగ చుట్టడం అతని పని. నలభై తొమ్మిదేళ్ల వయసులో ముప్పై నాలుగేళ్లు తీగ చుట్టడానికే సరిపోయాయి. బజారులో ఇరవై రెండేళ్లు అతను నడిపిన అద్దె కొట్టుని దాని యజమాని ఫోన్ల దుకాణానికి ఇచ్చేశాడు. మూడు రోజుల్లో ఖాళీ చేయమంటే మేస్త్రీ రెండు రోజుల్లోనే చేశాడు, అది అతని పౌరుషం. ఆ పౌరుషం ఫలితంగా ఎనిమిదడుగుల పొడవు, రెండున్నర అడుగుల వెడల్పు ఉన్న పనిబెంచీ తిన్నగా ఇంటికొచ్చి హాలులో పడింది. నూనె మరకలు, రాగి ముక్కలు, వార్నిషు వాసన కూడా దాని వెంటే వచ్చాయి.

అతని భార్య వారం రోజులు ఏమీ అనలేదు. అనకపోవడం మొదలుపెట్టిందంటే లోపల ఏదో ఉడుకుతోందని మేస్త్రీకి పెళ్లైన కొత్తలోనే తెలిసింది. ఎనిమిదో రోజు ఆమె కొలత టేపు తెచ్చి అతని చేతిలో పెట్టి పెరడు చూపించింది. పెరట్లో షెడ్డు వేద్దాం అంది. సగం మీ బెంచీకి, సగం నా సామాన్లకి. ఆమె సామాన్లంటే రెండు ఇనుప పెట్టెలు, చలికాలం పరుపులు, ఎవరూ వాడని కుట్టుమిషను, మూతలు పోయిన డ్రమ్ములు. అవన్నీ గోడవారగా పేర్చితే అయిదడుగుల మేర పడతాయి. అవతలి అయిదడుగుల్లో రెండున్నర బెంచీకి, రెండున్నర స్టూలు వేసుకుని మేస్త్రీ కూర్చోడానికి. మొత్తం పదడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు. ప్రహరీ గోడకీ బట్టలుతికే బండకీ మధ్య పదకొండున్నర అడుగులుంది. ప్రహరీ వైపు అడుగున్నర వదిలినా సరిపోతుంది. ఇద్దరూ ఒప్పుకున్నారు. అంత త్వరగా వాళ్లిద్దరూ ఒక మాట మీదికి రావడం ఆ ఇంట్లో అదే మొదలు, అదే ఆఖరు.

చిక్కు పైకప్పు దగ్గర వచ్చింది.

రేకుల పని చేసే కుర్రవాడు కాని కుర్రవాడు ఒకడు వచ్చి చూసి, కప్పు ఏ రకం వేయమంటారన్నాడు. వాడికి ముప్పై అయిదేళ్లుంటాయి, కానీ మెట్లు అవసరం లేకుండా గోడలెక్కుతాడు కాబట్టి అందరికీ కుర్రవాడే. కప్పంటే కప్పే కదా, రకాలేమిటని మేస్త్రీ అడిగాడు. రేకులవాడు వేళ్లు ముడిచి చెప్పాడు. పళ్లెంలాగా చదునుగా వేయొచ్చు. ఒక పక్కకి వాల్చి ఒంటివాలు వేయొచ్చు. నడుమ కొప్పు లేపి రెండువాలులు వేయొచ్చు. సరదా ఉంటే నాలుగు వైపులా వాల్చి టోపీలాగా పెట్టొచ్చు. ఏదో ఒకటి తేల్చుకుని చెప్పండి, మబ్బులు పట్టేలోపు అయిపోవాలి అని వెళ్లిపోయాడు.

ఈ మాటలన్నీ గోడ అవతల కుర్చీలో కూర్చుని పేపరు చదువుతున్న లెక్కల మాస్టారి చెవిన పడ్డాయి. ఆయన ఉద్యోగం మానేసి ఆరేళ్లయినా పాఠం చెప్పడం మానలేదు. పేపరు మడిచి లేచి, గోడ మీద మోచేతులు ఆనించి, అడగకుండానే మొదలుపెట్టాడు. చిన్న షెడ్డుకి ఒంటివాలే మేలన్నాడు. ఎత్తుభాగం నా గోడవైపు, పల్లం నీ ఇంటివైపు ఉండాలన్నాడు. నాలుగడుగులకి ఒక అడుగు వాలుంటే చాలన్నాడు. చివరగా, పేపరు చంకలో పెట్టుకుంటూ, అసలు సంగతి చెప్పాడు.

"ఒకటి గుర్తుపెట్టుకో మేస్త్రీ. నీ చూరు నీళ్లు ఒక్క చుక్క నా పెరట్లో పడినా నేనూరుకోను. నువ్వు పీకేదాకా నీ చూరు పట్టుకునే వేలాడతాను."

ఆ నిమిషంలోనే ఒంటివాలు కథ ముగిసింది. అది మంచిదే కావచ్చు. ప్రపంచంలో అంతకన్నా మంచి కప్పు లేకపోవచ్చు. కానీ మాస్టారు చెప్పిన కప్పు కింద కూర్చుని మేస్త్రీ తీగ చుట్టడమనేది జరిగే పని కాదు. రోజూ తల పైకెత్తితే మాస్టారే కనిపిస్తాడు.

అలాగని కారణం లేకుండా కాదంటే భార్య ఒప్పుకోదు. కారణం వెతకాలి. మేస్త్రీ కాగితం మీద గీసే రకం కాదు. గీతలు చదువుకున్నవాళ్ల యవ్వారం, చేతిపనివాడు చేసి చూసుకోవాలి అనేది అతని సిద్ధాంతం. ఏ మోటారైనా ముందు చిన్నగా చుట్టి, తిప్పి చూసి, తర్వాతే అసలుది చుడతాడు. కప్పుకీ అదే పద్ధతి పట్టాడు. ఫ్యాన్ల అట్టపెట్టెలు నాలుగు తెచ్చి, అడుగుకి అంగుళం చొప్పున పదంగుళాలు, పద్నాలుగంగుళాలు కొలిచి కోశాడు. నూనె డబ్బా రేకు కత్తిరించి నాలుగు రకాల కప్పులు చేసి వాటి మీద పెట్టాడు. రెండు పూటల పని. అంత బుద్ధిగా కూర్చుని అతను ఏదైనా చేయడం చూసి భార్య కూడా మెచ్చుకుంది, కాకపోతే మెచ్చుకోలు ఆమె నోట ఎప్పుడూ అడ్డదారిన వస్తుంది. ఈ శ్రద్ధ బడిలో ఉన్నప్పుడు చూపించి ఉంటే మనకి ఈపాటికి మేడ ఉండేది అంది.

ఆదివారం ఉదయం ఉతుకుడు బండ మీద నాలుగు షెడ్లనీ వరసగా పెట్టి మేస్త్రీ చెంబుతో వాన కురిపించాడు. చదును కప్పు మీద నీళ్లు కదలకుండా నిలిచాయి. అక్కడ దోమల్ని పెంచుకోవచ్చని భార్య దాన్ని పక్కకి తీసేసింది. టోపీ కప్పు నాలుగు వైపులా ముచ్చటగానే కార్చింది గానీ, సామాన్ల గదికి ఈ సింగారమేమిటి, పీనుగకి పౌడరులాగా, అని దాన్నీ తీసేసింది. ఒంటివాలుకి నీళ్లన్నీ తలుపు ముందే పడ్డాయి. పైగా పల్లం తలుపువైపు రావడంతో లోపలికి వెళ్లేవాడు నడుం వంచాలి. మేస్త్రీకి కావలసిన కారణం దొరికింది. నా షెడ్డులోకి నేను తలవంచుకుని వెళ్లాలా అన్నాడు, ఆ వంగడం మాస్టారి ముందు వంగడమే అన్నట్టుగా. భార్య అతని మొహం చూసి, సరేలెండి, రెండువాలులే వేయండి అంది. సగం నీళ్లు బండ మీద పడితే గిన్నెలు కడగడానికి పనికొస్తాయని ఆమె లెక్క ఆమెది.

మిగతా సగం ఎటు పడతాయన్నది మాత్రం చూడాలి. మేస్త్రీ రెండువాలుల బొమ్మ వెనకాల చెక్కముక్క ఒకటి ప్రహరీ గోడలాగా నిలబెట్టి మళ్లీ చెంబెత్తాడు. నీళ్లు రేకు మీదినుంచి జారి, చూరు అంచు దాటి, ఎగిరి దూకాయి. చెక్కముక్క నెత్తిన పడ్డాయి. చెక్కని వెనక్కి జరుపుతూ, పోస్తూ, జరుపుతూ, పోస్తూ పది చెంబులు ఖర్చుపెట్టి తేల్చిందేమిటంటే, చూరు అంచు నుంచి నీళ్లు సరిగ్గా మూడంగుళాలు దూకుతున్నాయి.

అడుగుకి అంగుళమైతే అంగుళానికి అడుగు. మూడంగుళాలకి మూడడుగులు. షెడ్డు గోడ దాటి ముందుకొచ్చే చూరు ఒక అడుగు. వెరసి నాలుగడుగులు. షెడ్డుకీ ప్రహరీకీ మధ్య నాలుగడుగులు వదిలితే ఒక్క చుక్క కూడా మాస్టారి పెరట్లో పడదు.

అప్పుడు అతనికొక ఆలోచన వచ్చింది. ముల్లుని ముల్లుతోనే తీయాలి. ఈ లెక్కని కాగితం మీద వేసి, మాస్టారి చేతే చూపించి, ఆయన చేతే ఒప్పని రాయించుకుంటే ఇక ఆయన ఏ చూరూ పట్టుకోలేడు.

ఆ ఆలోచన వెనకాల ఇంకో కోరిక ఉంది. అది అతను భార్యకి కూడా చెప్పలేదు. ఏడో తరగతిలో బడి మానేసేనాటికి అతని లెక్కల పుస్తకంలో అన్నీ అడ్డగీతలే. ఆనాటి మాస్టారు వేరే మనిషి, చనిపోయి చాలా ఏళ్లయింది. కానీ లెక్కల మాస్టార్లందరూ ఒక్కటేననీ, ఒకరు పోతే ఇంకొకరు ఆ కుర్చీలో కూర్చుంటారనీ మేస్త్రీ నమ్మకం. తన జీవితంలో ఒక్క లెక్కకైనా టిక్కు పడాలన్న ఆశ అతనికి ఉండేదని అతనికే ఆ ఆదివారం దాకా తెలియదు.

సాయంత్రం తలదువ్వుకుని, చొక్కా మార్చుకుని పక్కింటికి వెళ్లాడు. మాస్టారు గడప దగ్గరే నిలబెట్టి, గోడ మీదినుంచి మాట్లాడొచ్చుగా అన్నాడు.

"ఒక లెక్క చూసిపెట్టాలి మాస్టారూ."

"ఎవరిది?"

"నాదే."

మాస్టారు కళ్లజోడు సర్దుకుని కాగితం తీసుకున్నాడు. పై నుంచి కిందికి ఒకసారి చదివాడు, కింది నుంచి పైకి మళ్లీ చదివాడు. మూడు పన్నెండ్లు ముప్పై ఆరు అని పెదవులు కదిపాడు. మేస్త్రీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నాడు. అలా కట్టుకున్నానన్న సంగతి గమనించి, చిన్నతనంగా ఉండి, మళ్లీ విప్పేశాడు.

"అడుగులు, అంగుళాలు కూడా రాశావే," అన్నాడు మాస్టారు. "మా పిల్లలు సంఖ్య వేసి ఊరుకుంటారు. కోడిగుడ్లా, కిలోమీటర్లా అని అడిగి చావాలి. ఎంతదాకా చదివావయ్యా?"

"ఏడు. అది కూడా సగమే."

"స్టెప్పు వదలకుండా వేశావు."

ఆయన చొక్కా జేబులోంచి ఎర్రపెన్ను తీశాడు. అది ఇంకా జేబులోనే పెట్టుకుని తిరుగుతున్నాడని మేస్త్రీ అప్పుడే చూశాడు. కాగితం చివర ఇంత పొడుగు టిక్కు పెట్టి, కింద సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చాడు. నాలుగడుగులు వదిలితే నాకు ఏ అభ్యంతరమూ లేదు అని అడగకుండానే ఒక వాక్యం కూడా రాశాడు. మేస్త్రీ దాన్ని మడిచిపెట్టుకుని ఇంటికొచ్చేసరికి కాళ్లు నేల మీద లేవు.

భార్య మాత్రం టేపు తీసుకుని పెరట్లో నిలబడింది. నాలుగడుగులు వదిలితే షెడ్డు ఏడున్నర అడుగులే వస్తుంది కదా, అప్పుడు మీరెక్కడ కూర్చుంటారు అని అడిగింది. మేస్త్రీ సర్దుకుంటానన్నాడు. డ్రమ్ములు పారేస్తే సరిపోతుందన్నాడు. డ్రమ్ములు పారేసే ప్రసక్తే లేదని ఆమె చెప్పింది. దానికన్నా చూరు పొడవునా రేకు తొట్టి కట్టిస్తే నీళ్లన్నీ అందులోనే పోతాయి కదా అంది. మాస్టారింటికి తొట్టి ఉంది, దానిలో ఆకులు నిండి ఏడాదికోసారి చిల్లు పడుతోంది, అదీ చూశాం అన్నాడు మేస్త్రీ. ఆమె ఇంకేమీ అనలేదు. అనకపోవడం మొదలుపెట్టిందని ఆ రోజు అతను గమనించలేదు.

రేకులవాడు సామాన్లు దించి, ముగ్గు గీతలు చూసి, తల గోక్కున్నాడు. అన్నా, ఇంత సందు ఎందుకు, చూరు కిందికి అడుగున్నర చాలు, కావాలంటే రెండు అన్నాడు. మేస్త్రీ కాగితం విప్పి చూపించాడు. రేకులవాడు దాన్ని చదవలేదు, ఎర్రటిక్కు మాత్రం చూశాడు. చూసిన వెంటనే వాడి నడుం నిటారైంది. వాడూ బడి చూసినవాడే.

"మాస్టారు సంతకం పెట్టాక నేనేం చెప్పను అన్నా. కాగితం మీద ఉన్నది కాదనడానికి నేనెవర్ని."

నాలుగు రోజుల్లో షెడ్డు లేచింది. గోడలు ఇటుకవి, కొప్పు నిటారుగా, రెండు వాలులూ అటొకటి ఇటొకటి, రేకులకి నీలంరంగు. వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూశారు. సామాన్ల గదికన్నా చిన్న ఇల్లులాగా ఉందన్నారు. మేస్త్రీ ఆ నాలుగు రోజులూ ఎవరు కనిపించినా లోపలికి పిలిచి చూపించాడు, లెక్క కూడా వివరించాడు. వినేవాళ్లకి అర్థమైనా కాకపోయినా మూడు పన్నెండ్లు ముప్పై ఆరన్న చోట తల ఊపేవాళ్లు.

అయిదో రోజు మధ్యాహ్నం వాన వచ్చింది. అలాంటిలాంటి వాన కాదు, కుండపోత. మేస్త్రీ గొడుగు తీసుకుని తన లెక్క చూసుకోవడానికి పెరట్లోకి పరిగెత్తాడు. షెడ్డుకీ గోడకీ మధ్య నాలుగడుగుల సందులో గోడకి వీపు ఆనించి నిలబడ్డాడు. నీళ్లు రేకు గాడుల్లోంచి దారాల్లాగా దిగుతున్నాయి. దిగి, చూరు అంచు దగ్గర కాస్త ముందుకు వంగి, తిన్నగా కింద పడుతున్నాయి. వాన పెరిగింది. దారాలు తాళ్లయ్యాయి. ఎంత పెరిగినా చూరు నుంచి జానెడు దూరం దాటలేదు. మేస్త్రీ నిలబడ్డ చోటికి చూరు నీళ్లు చేరనే లేదు. అతను టేపు సాచి కొలిచాడు. ఆరంగుళాలు. మళ్లీ కొలిచాడు. మళ్లీ అంతే.

డ్రిల్లు మిషను మర్చిపోయి దానికోసం వచ్చిన రేకులవాడు వాకిట్లో ఆగి, సందులో మేస్త్రీని చూసి తనూ వచ్చి నిలబడ్డాడు.

"మరి బొమ్మలో మూడంగుళాలు దూకాయిరా," అన్నాడు మేస్త్రీ. "నా కళ్లతో చూశాను."

"దూకుతాయి అన్నా. చెంబుడు నీళ్లు అంత ఎత్తునుంచి అరచేతి రేకు మీద గుమ్మరిస్తే దూకక ఏం చేస్తాయి. నువ్వు షెడ్డుని పన్నెండు రెట్లు పెంచావు. చెంబుని పెంచలేదుగా."

మేస్త్రీ వాడి మొహంలోకి చూశాడు. ఎగతాళి ఏమైనా ఉందేమోనని వెతికాడు. లేదు. ఉంటే బాగుండేది, ఒకటి ఇచ్చుకునేవాడు.

గోడ అవతల గొడుగు ఒకటి వచ్చి ఆగింది. చూరు నీళ్లు తన పెరట్లో పడుతున్నాయేమో చూసుకోడానికి మాస్టారు కూడా బయటికొచ్చాడు. తన నేల పొడిగా లేకపోయినా మేస్త్రీ నీళ్లతో మాత్రం తడవలేదని రూఢి చేసుకుని, తృప్తిగా తల ఊపాడు.

"మాస్టారూ, లెక్క తప్పింది," అన్నాడు మేస్త్రీ.

"తప్పలేదు. మూడు పన్నెండ్లు ముప్పై ఆరే. వానొస్తే మారదు."

"మరి నీళ్లు అరడుగే పడుతున్నాయిగా."

"నువ్వు నన్ను నీళ్లడగలేదు కదయ్యా. గుణకారం అడిగావు. గుణకారం చూశాను."

"మీకు తెలిసీ టిక్కు పెట్టారా, తెలియక పెట్టారా? అది ఒక్కటి చెప్పండి."

మాస్టారు గొడుగు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నాకూ తట్టలేదు మేస్త్రీ," అన్నాడు. "లెక్క అంత శుభ్రంగా ఉంటే ఇంకేమీ తట్టదు. ముప్పై ఏళ్లలో అంత శుభ్రమైన లెక్క నేను చూడలేదు."

మేస్త్రీ ఆ మాట నమ్మలేదు. ఇప్పటికీ నమ్మడు. నమ్మితే కోపం పెట్టుకోవడానికి ఇంకో చోటు వెతుక్కోవాలి, ఆ వయసులో అది కష్టం. షెడ్డు పడగొట్టి ప్రహరీ వైపుకి జరిపి కడదామా అని భార్యని అడిగితే, ఇటుకలు తింటారా అని అడిగింది. గోడలు లేచాక గోడలే.

మర్నాడు సామాన్లు సర్దారు. ఇనుప పెట్టెలు, పరుపులు, కుట్టుమిషను, డ్రమ్ములు ఆమె చెప్పిన అయిదడుగుల్లో వరసగా కూర్చున్నాయి. మిగిలిన రెండున్నరలో బెంచీ గోడకి అతికినట్టు పట్టింది, ఒక్క అంగుళం ఎక్కువ లేదు, తక్కువ లేదు. రేకులవాడూ మేస్త్రీ దాన్ని అటొకరు ఇటొకరు ఎత్తి లోపల దించారు. పొడవులో మిగిలిన ఆరడుగులు గుమ్మానికీ, తీగచుట్టలకీ, మోటార్లకీ పోయాయి. దించాక మేస్త్రీ స్టూలు పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. స్టూలు వేయడానికి చోటెక్కడుందని కళ్లతో వెతికాడు. డ్రమ్ములకీ బెంచీకీ మధ్య చెయ్యి పెట్టాడు, చెయ్యి పట్టింది. మోకాలు పెట్టాడు, పట్టలేదు. బెంచీకి చోటుంది, తీగకి చోటుంది, మోటార్లకి చోటుంది. చుట్టే మనిషికి లేదు.

ఇప్పుడు మోటారు వస్తే హాలులో నేల మీద పేపరు పరుచుకుని ఒళ్లో పెట్టుకునే చుడుతున్నాడు. భార్య రోజూ ఆ పేపరు దాటి వెళ్తూ ఏమీ అనడం లేదు. మోటార్లు తెచ్చినవాళ్లు పెరట్లో అంత అందమైన షెడ్డు ఉండగా ఇక్కడెందుకు కూర్చున్నావని అడుగుతారు. అతను చేతిలో తీగ ఆపకుండా, లెక్కల మాస్టారు తన నేల ఎంత మింగాడో చెబుతాడు. ఉజ్జాయింపుగా చెప్పడు, కొలిచి చెబుతాడు. వదలాల్సింది అడుగున్నర, వదిలింది నాలుగు. పోయింది రెండున్నర అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల పొడవు, మొత్తం ముప్పై అయిదు చదరపు అడుగులు.